గొళ్ళెం వైపు

ఎడిటర్ బల్ల మీద బొమ్మలన్నీ పరిచి ఉన్నాయి. కాగితాలు చుట్టుకుపోకుండా ఒక మూల స్టాప్లర్, ఒక మూల కళ్ళజోడు పెట్టె, ఇంకో మూల టీ కప్పు పెట్టారు. తన ఏనుగు తొండం పక్కన ఆ కప్పు పొగలు కక్కుతుంటే చుక్కకి ఒళ్ళు మండుతోంది. మొదటి పుస్తకం కదా అని నోరు మూసుకుని కూర్చుంది. నోరు మూసుకోవడం ఆమెకి అంతగా అలవాటు లేని పని.

చుక్క అన్నది ముద్దుపేరు. పాకే వయసులో రంగు డబ్బాలో వేలు ముంచి, గోడకీ గడపకీ పిల్లికీ తేడా లేకుండా చుక్కలు పెట్టేసిందట. పిల్లి పోయింది, పేరు మిగిలింది.

"ఈ ఎరుపు చూస్తుంటే కళ్ళు చల్లబడుతున్నాయమ్మా," అంది ఎడిటర్. "ఈ మధ్య ఇలాంటి ఎరుపు ఎవరూ వెయ్యడం లేదు."

"పెట్టెల ఎరుపు మేడమ్. రేకు మీద వేసేది. దాన్ని కాగితం మీదకి తెచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది."

ఎడిటర్ నవ్వింది. మంచి మనిషే. కొత్తగా బొమ్మలు వేస్తున్నవాళ్ళని వెతికి పట్టుకుని, వాళ్ళ వాళ్ళ ఇళ్ళలో తాతలనాటి నుంచీ నడుస్తున్న పనిలోంచే పిల్లల పుస్తకాలు చేయిస్తోంది. నేతపని ఇంటి కుర్రాడు ఒకడు, బుట్టలల్లే ఇంటి అమ్మాయి ఒకతె. రేకు పెట్టెల మీద పూలూ పిట్టలూ వేసే ఇంటి నుంచి చుక్క. ఊరూరూ తిరిగే ఒక పెట్టె కథ రాసుకొచ్చింది. పెట్టె ఎక్కడ దిగితే అక్కడి జంతువు ఒకటి, మూత మీద ముందే ఉన్న బొమ్మల మధ్యకి ఎక్కి కూర్చుంటుంది.

"అంతా బాగుంది. ఒక్కచోటే తప్పు దొర్లింది," అని ఎడిటర్ పై అంచు మీద వేలు పెట్టింది. "ఈ పిట్టలు తలకిందులుగా పడ్డాయి."

"తలకిందులు కాదండి. అవతలి వైపు నుంచి వేసినవి."

ప్రతి పేజీ ఒక పెట్టె మూత. కింది అంచున ఏనుగు నిలబడి ఉంటుంది. కుడి అంచున గుర్రం అడ్డంగా ఉంటుంది. ఎడమ అంచు నుంచి పూలతీగ లోపలికి పాకుతుంది. పై అంచున పిట్టలు, కాళ్ళు పైకి, తలలు కిందికి. ఎవరి కాళ్ళు వాళ్ళ అంచుకి ఆని ఉంటే, తలలన్నీ నడిమిలో కలుస్తాయి.

"మా ఇంట్లో మూతని నేల మీద పరుస్తారు మేడమ్. నాలుగు వైపులా నలుగురు కూర్చుంటారు. ఎవరి వైపు నుంచి వాళ్ళు వేస్తారు. తడి రంగు కదా, మూతని తిప్పడానికి లేదు. ఒకళ్ళు కదిపితే ఇంకొకళ్ళ గీత చెడుతుంది."

"మరి పిల్లలు ఎలా చూస్తారు?"

"పుస్తకం తిప్పుకుని."

"పిల్లలు పేజీలు తిప్పుతారమ్మా, పుస్తకాన్ని తిప్పరు." ఎడిటర్ సొరుగులోంచి ఇంకో కాగితం తీసింది. కంప్యూటర్లో సరిచేయించిన పేజీ. ఏనుగు, గుర్రం, పిట్టలు అందరూ ఒకే గీత మీద వరసగా నిలబడి ఉన్నారు. తీగని పైన తోరణంలా కట్టేశారు. "ఇప్పుడు చూడు, ఎంత తేటగా ఉందో."

చుక్క ఆ పేజీని అటూ ఇటూ చూసింది. "వీళ్ళంతా బస్సు కోసం నిలబడ్డట్టున్నారు," అంది.

ఎడిటర్ ముఖంలో నవ్వు తగ్గింది. ఇంటి పని సంగతి చివరి పేజీలో నాలుగు మాటలు రాద్దామనీ, తాతగారి ఫోటో కూడా వేద్దామనీ, బొమ్మలు మాత్రం నిలబెట్టాల్సిందేననీ చెప్పింది. అంతదాకా ఓర్చుకున్న చుక్క నోరు అక్కడితో తెరుచుకుంది.

"నిలబెడితే నా పేరు తీసెయ్యండి. మా తాత పేరు అసలే వద్దు. నలుగురు ఒక మూత చుట్టూ కూర్చోవడమే మా పని. దాన్ని తీసేసి ఎరుపు ఒక్కటీ ఉంచుకుంటానంటే, ఆ ఎరుపు బజార్లో డబ్బాల్లో దొరుకుతుంది మేడమ్."

ఎడిటర్ కప్పు ఎత్తి ఒక గుక్క తాగి, ఈసారి బొమ్మకి దూరంగా పెట్టింది.

"సరే. ఈ వారంలో నేనే వచ్చి చూస్తాను. నలుగురూ కూర్చుని వెయ్యండి. నాకు నమ్మకం కుదిరితే ఇలాగే వేద్దాం. కుదరకపోతే నీ పుస్తకం ఈసారికి పక్కన పెట్టి, వరసలో ఉన్న ఇంకొకళ్ళది తీసుకుంటాను. కోపం తెచ్చుకోకు."

కోపం అప్పటికే వచ్చేసింది. చుక్క బొమ్మల్ని గొట్టంలో చుట్టి చంకలో పెట్టుకుని బయటపడింది.

చుక్క వాళ్ళ పెట్టెల కొట్టు ముందు భాగంలో ఉంటుంది, ఇల్లు వెనక. మధ్యలో రేకు కప్పిన వసారా. పెట్టెలకి ఇదివరకటి గిరాకీ లేదు. ఇప్పుడు కొట్టు నిండా చక్రాల సూట్‌కేసులే. అయినా అప్పుడప్పుడూ ఎవరో ఒకరు అటకమీది పాత పెట్టె తెచ్చి రంగు వేయించుకుంటారు. ఆ పని అమ్మది. చుక్క వెళ్ళేసరికి వసారాలో కూర్చుని తుప్పు పట్టిన మూతని గరుకు కాగితంతో రుద్దుతోంది. ముంజేతుల దాకా తుప్పు పొడి.

చుక్క చెప్పులు విడవకుండానే మొదలుపెట్టింది. ఎడిటర్ ఏమందో, తానేమందో, బస్సు మాట ఎలా తగిలిందో, కొంచెం ఉప్పూ కారం కలిపి మరీ చెప్పింది. అమ్మ రుద్దుతూనే వింది.

"నిలబెడితే నిలబెట్టనీ. నీ సొమ్మేం పోయింది?" అంది చివరికి.

చుక్క ఈ మాట ఎదురుచూడలేదు. ఊరంతా కాదన్నా అమ్మ ఔనంటుందనుకుంది.

"నువ్వు కూడా అదే మాటంటావేంటమ్మా? నాన్న ఉంటే ఇలా అనేవాడా?"

"మీ నాన్న ఏమనేవాడో నాకు తెలుసులే. ఏదీ, ఇలా తే."

చేతులు చీరకి తుడుచుకుని బొమ్మ అందుకుంది. ఒళ్ళో పరుచుకుంది. ఏనుగు దగ్గర ఆగలేదు, గుర్రం దగ్గర ఆగలేదు. పై అంచున ఉన్న పిట్టల మీద వేలు పెట్టి ఒక్కొక్క దాన్నీ తాకుతూ పోయింది. అవి ఆమె పిట్టలే. బారు ముక్కు, రెక్క మీద మూడు గీతలు, తోక చివర చిన్న వంపు. చుక్క వాటిని చిన్నప్పటి నుంచీ చూసి చూసి, కళ్ళు మూసుకుని కూడా వెయ్యగలదు.

"అచ్చం నేను వేసినట్టే వేశావు," అంది అమ్మ.

"మరి!"

"అక్కడే వేశావు," అని కాగితం తిరిగిచ్చేసి, గరుకు కాగితం అందుకుని ఇందాకటి కంటే గట్టిగా రుద్దడం మొదలుపెట్టింది. చుక్క ఆ మాటని మెచ్చుకోలు కింద జమకట్టుకుంది. కోపంలో ఉన్న మనిషికి తనకి కావలసిందే వినపడుతుంది.

మెచ్చుకోలు నిజంగా దొరికింది పెదనాన్న దగ్గర. కొట్లో సూట్‌కేసు జిప్పుకి మైనం రుద్దుతున్న మనిషి, సంగతి వినగానే ఒంటికాలి మీద లేచాడు.

"మన పనికి వంకలు పెట్టడానికి ఆవిడెవరు? రమ్మను! కళ్ళారా చూసి వెళ్ళమను! మా నాన్న గొళ్ళెం వైపు కూర్చున్నాడంటే ఒక్క గీత చెరిపి వేసిన పాపాన పోలేదు."

బొమ్మలు ఒక్కొక్కటే తిరగేశాడు. ఏనుగు దగ్గర కళ్ళు చెమర్చాయి. "అదిగో మా నాన్న ఏనుగు. ఆ కాళ్ళు చూడు, స్తంభాలు! నా గుర్రం కుడివైపు. మీ నాన్న తీగ ఎడమవైపు. ఎక్కడివాళ్ళని అక్కడే కూర్చోబెట్టావే! బుర్రంటే నీదే."

"అమ్మ పిట్టలు పైన," అంది చుక్క.

"ఆఁ, పైన," అని పేజీ తిప్పేశాడు.

ఆ మర్నాడంతా మూత తయారీకే సరిపోయింది. అటక మీంచి ఏ బొమ్మా లేని మూత ఒకటి దించారు. చుక్క దాన్ని కడిగి, ఆరబెట్టి, అడుగు రంగు పూసింది. అది ఆరాక మళ్ళీ రుద్ది, నల్లరంగు పూసింది. రేకు మీద రంగు పుయ్యడంలో తొందర పనికిరాదు. కుంచె ఒకే వైపు లాగాలి, చివరిదాకా ఎత్తకూడదు, ఎత్తితే అక్కడ చార పడుతుంది. అమ్మ కుంచెల్ని కిరసనాయిల్లో నానబెట్టి, వెంట్రుకలు రాలేవాటిని ఏరి పక్కన పడేసింది. ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే నడిచాయి.

"ఎవరెవరు కూర్చుంటారు?" అంది అమ్మ, ఒక కుంచె కొసని అలవాటుగా నాలుక మీద తడపబోయి, కిరసనాయిలని గుర్తొచ్చి ఆగి.

"పెదనాన్న తాత చోట్లో. నేను నాన్న చోట్లో. కుడివైపు పెద్దమ్మ కూర్చుంటానంది, ఊరికే కుంచె పట్టుకుని. నువ్వెలాగూ నీ చోట్లోనే."

"నా చోట్లోనే," అంది అమ్మ.

"ఏమైందమ్మా నీకు? నిన్నటి నుంచీ ముఖం మాడ్చుకుని ఉన్నావు."

"ఏమీ కాలేదు. డబ్బా మూత పెట్టు, రంగు మీద పొర కడుతోంది."

ఎడిటర్ చెప్పినట్టే వచ్చింది. సూట్‌కేసుల మధ్య నుంచి దారి చేసుకుంటూ వసారాలోకి వచ్చి, పెదనాన్న వేసిన కుర్చీలో కూర్చుంది. పెదనాన్న ఇస్త్రీ చొక్కా తొడిగి, మీసం నున్నగా దువ్వి ఉన్నాడు. మూత నేల మీద, చాప నడుమ, నల్లగా నిగనిగలాడుతోంది. పెదనాన్నే వివరించాడు.

"ఇది గొళ్ళెం వైపమ్మా. పెట్టె ముందు భాగం. ఎవరైనా పెట్టె చూడ్డమంటే ఇటునుంచే చూస్తారు. కాబట్టి ఇటు పెద్దవాళ్ళు. సంతకం కూడా ఇక్కడే. అటూ ఇటూ కొడుకులు. అవతలిది మడతబందుల వైపు."

"అంటే, మూత తెరిస్తే మడిచే చోటు," అంది ఎడిటర్. "ఆ వైపు ఎవరు చూస్తారు?"

"అది గోడకి ఆనుతుంది కదా. ఎవరూ చూడరు," అన్నాడు పెదనాన్న మామూలుగా. "అటు కోడలు."

చుక్క చేతిలో ఉన్న గిన్నెలో ఎరుపు కలుపుతోంది. పుల్ల ఆగిపోయింది. ఈ మాటలు ఆమెకి తెలియనివి కావు. పుట్టినప్పటి నుంచీ తెలిసినవే. బయటి మనిషి కోసం వరసగా పేర్చి చెబుతుంటే మాత్రం, చెవిలో వేరేలా పడ్డాయి.

"రా అమ్మాయ్, కూర్చో. మొదలుపెడదాం," అని పెదనాన్న అమ్మని కేకేశాడు.

అమ్మ లోపల్నుంచి కుంచెల డబ్బాతో వచ్చింది. పెద్దమ్మ అప్పటికే కుడివైపు చతికిలబడింది. అమ్మ చాప చుట్టూ నడిచి మడతబందుల వైపు వెళ్ళలేదు. నేరుగా వచ్చి, గొళ్ళెం వైపు, పెదనాన్న కోసం పరిచిన దిండు మీద కూర్చుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. డబ్బా పక్కన పెట్టుకుంది.

"అది మా నాన్న చోటు," అన్నాడు పెదనాన్న.

"తెలుసు బావగారూ. ఇన్నేళ్ళూ ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉన్నాను."

"మరి తెలిసీ..."

"ఇవాళ ఇక్కడ కూర్చుంటాను."

పెద్దమ్మ గభాల్న తల దించుకుని, లేని వెంట్రుకేదో కుంచెలోంచి పీకడం మొదలుపెట్టింది. పెదనాన్న ముఖం ఎర్రబడింది. బయటి మనిషి ఉందని గొంతు తగ్గించాడు గానీ, తగ్గిన గొంతులో కోపం ఇంకా బాగా వినపడింది.

"ఏంటమ్మా ఇది, పరాయివాళ్ళ ముందు? ఎవరి చోటు వాళ్ళకి లేదా?"

"ఉంది. నాకు ఇచ్చిన చోటు ఎలాంటిదో మీకు తెలీదు, మీరెప్పుడూ అటు కూర్చోలేదు." అమ్మ చుక్క వైపు తిరగలేదు. మూతనే చూస్తూ మాట్లాడింది. "కాపురానికొచ్చిన కొత్తల్లో ఒకసారి పిట్టని తిరగేసి వేశాను. నాకు తలకిందులుగా కనపడేలా, గొళ్ళెం వైపు నుంచి చూసేవాళ్ళకి నిలబడి కనపడేలా. ఎంత కష్టమనుకున్నారు, ముక్కు నుంచి కాళ్ళదాకా వెనక్కి వెయ్యాలి. బాగా వచ్చింది కూడా. మామగారు చూసి, ఇది నావైపు తిరిగిందేంటి, అన్నారు. ఎవరి చోట్లో కూర్చున్నవాళ్ళు వాళ్ళ వైపే వెయ్యాలన్నారు. నా చేత్తోనే తుడిపించారు."

"అదా! ఏనాటి మాట! అది ఇంకా మనసులో పెట్టుకున్నావా?"

"కిరసనాయిలు గుడ్డ అందించింది మీరే బావగారూ."

పెదనాన్న చాప చుట్టూ తిరిగి వెళ్ళి వసారా గుమ్మంలో నిలబడ్డాడు.

చుక్కకి తన బొమ్మలన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. ఏ పేజీ తీసినా కింద తాత, పైన అమ్మ. పిట్టలు తలలు వేలాడేసి. ఎడిటర్ మీద యుద్ధానికి బయల్దేరిన మనిషి, తాత గీసిన గీతని ఒక్క వెంట్రుకవాసి కూడా కదపకుండా తు.చ. తప్పక దించుకొచ్చింది. 'అక్కడే వేశావు' అన్న మాటకి మెచ్చుకోలని మురిసిపోయినందుకు, తన నెత్తిన తానే మొట్టుకోవాలనిపించింది.

"అమ్మా, నేను చూసుకోలేదే," అంది.

"నువ్వేం చేస్తావు. నువ్వు పుట్టేసరికే మూత అలా పరిచి ఉంది."

ఎడిటర్ కుర్చీ అంచుకి జరిగింది. మెల్లగా, జాలిగా అంది, "అందుకేనమ్మా నేను చెప్పేది. ఇలా వేస్తే ఎవరో ఒకరు తలకిందులుగా ఉండాల్సిందే. అందరినీ నిలబెట్టేస్తే గొడవే ఉండదు కదా. మీ పిట్టలు కూడా చక్కగా నిలబడతాయి. మీకూ అదే కావాలి కదా?"

చుక్క అమ్మ వైపు చూసింది. అమ్మ మొన్న అన్నదీ అదే. ఇప్పుడు ఊఁ అంటే పుస్తకం బస్స్టాపు అయిపోతుంది. కాదనమని అడగడానికి తనకి మొహం లేదు. ఎరుపు గిన్నె పట్టుకుని నిలబడింది.

"మొన్న కోపంలో నేనూ అదే అన్నాను," అంది అమ్మ. "రాత్రి పడుకుని ఆలోచించాను. వద్దమ్మా, నిలబెట్టకండి. వరసగా నిలబెడితే, మేం ఎప్పుడూ ఇలా పక్కపక్కనే నిలబడ్డామనుకుంటారు చూసేవాళ్ళు. నిలబడలేదు. ఎదురెదురుగా కూర్చున్నాం. అది అలాగే ఉండాలి."

"మరి మీ పిట్టలు?"

"పేజీని ఇటునుంచి అటు తిప్పెయ్యండి. నా వైపు కిందకి రావాలి. గొళ్ళెం వైపు వాళ్ళని ఒక్కసారి తలకిందులుగా చూడాలని ఉంది నాకు."

ఎడిటర్‌కి నవ్వు వచ్చేసింది. ఆపుకుందామనుకుంది గానీ ఆగలేదు. పెదనాన్నకి మాత్రం నవ్వు రాలేదు.

"మా నాన్న ఏనుగు కాళ్ళు పైకెత్తుకుని అచ్చవుతుందా? నేను బతికుండగా?"

"పుస్తకం తిప్పుకో పెదనాన్నా, నిలబడుతుంది," అంది చుక్క. "అది పెట్టె కాదు, గోడకి ఆనించి పెట్టెయ్యడానికి. చేతిలో పట్టుకునేది. ఎవరి వైపు కావాలంటే వాళ్ళ వైపు తిరుగుతుంది. తాతని చూడాలంటే ఒక్కసారి తిప్పాలి, అంతేగా. అమ్మని చూడ్డానికి ఎవరూ ఆ మాత్రం కూడా చెయ్యలేదు."

ఆ తర్వాత ఎడిటర్ వైపు తిరిగింది. "కావాలంటే ఒక పేజీ అమ్మ వైపు, ఒక పేజీ పెదనాన్న వైపు, ఒకటి నాన్న వైపు, అలా మారుస్తాను మేడమ్. అందరికీ న్యాయంగా ఉంటుంది."

"అందరికీ న్యాయం తర్వాతి పుస్తకంలో చెయ్యి," అంది అమ్మ. "ఇందులో నా వైపే."

ఎడిటర్ గొట్టంలోంచి మొదటి బొమ్మ తీయించింది. కుర్చీ దిగి చాప మీద, ఎవరూ కూర్చోని మడతబందుల వైపు కూర్చుంది. బొమ్మని ఒళ్ళో పెట్టుకుని ఇటునుంచి అటు తిప్పింది. పిట్టలు కాళ్ళ మీద నిలబడ్డాయి. వాటి మీదుగా, దూరంగా, ఏనుగు ఆకాశంలోంచి తొండం వేలాడేసింది. ఎడిటర్ చాలాసేపు చూసింది. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, బొమ్మని పక్కకి తిప్పి గుర్రాన్ని చూసింది. ఇంకోసారి తిప్పి ఏనుగుని చూసింది. మళ్ళీ పిట్టల దగ్గరికే వచ్చింది.

"కవరు కూడా ఇలాగేనా?" అంది.

"కవరు కూడా," అంది అమ్మ.

"అమ్మేవాళ్ళు నన్ను చంపేస్తారు. కొట్లో తలకిందులుగా పెట్టేస్తారు."

"పెట్టనివ్వండి మేడమ్," అంది చుక్క. "కొనేవాళ్ళు తిప్పుకుంటారు."

ఎడిటర్ బొమ్మని జాగ్రత్తగా చుట్టి గొట్టంలో పెట్టింది. కథలోని మాటలన్నీ కొత్త వైపుకి మార్చి రాయాలనీ, వారంలో తెచ్చివ్వాలనీ, ఆలస్యం చేస్తే ఊరుకోననీ గబగబా చెప్పింది. పని ఒప్పుకున్నాక ఎడిటర్లు మాట్లాడే తీరు అదే. చుక్క ఎరుపు గిన్నె అమ్మ పక్కన పెట్టి, నాన్న చోట్లో కూర్చుంది.

అమ్మ కుంచె ముంచింది. గిన్నె అంచుకి ఒత్తి, కారే రంగుని వదిలించింది. గొళ్ళెం వైపు అంచు నుంచి మొదలుపెట్టి పిట్ట కాళ్ళు లాగింది, పొట్ట తిప్పింది, మెడ దగ్గర కుంచెని కాస్త మడిచి ముక్కు బారుగా వదిలింది. ఎక్కడా ఆగలేదు. రెక్క మీద మూడు గీతలు పడ్డాయి.

పెదనాన్న అప్పటిదాకా వసారా గుమ్మంలో, మడతబందుల వైపున నిలబడి ఉన్నాడు. వెళ్ళిపోదామని తిరిగాడు, కొట్లోంచి మాత్రం ఎవరూ పిలవలేదు. మెడ పక్కకి వంచి, ఇటు వంచి, బొమ్మని చూడ్డానికి తంటాలు పడుతున్నాడు.

"అటునుంచి మీకు తలకిందులుగా కనపడుతుంది," అంది అమ్మ తల ఎత్తకుండానే. "ఇటు రండి బావగారూ."

వెంటనే రాలేదు. పెద్దమ్మ తన వెనక దారి ఇస్తూ కాస్త ముందుకి జరిగింది. కొంతసేపటికి, చాప చుట్టూ తిరిగి, ఎవరి కుంచెలూ తొక్కకుండా వచ్చి అమ్మ వెనక నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు.

"కాళ్ళు కాస్త పొడుగయ్యాయి," అన్నాడు.

"పొడుగే," అంది అమ్మ, రెండో పిట్టకి కుంచె ముంచుతూ.